పద్నాలుగేళ్ళ రాంచ్ గుర్రాన్ని కొన్నా, రెండేళ్ళు వాడాక రివ్యూ

ఇక్కడ డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళు కారు కొన్నా రివ్యూ రాస్తారు, రైస్ కుక్కర్ కొన్నా రివ్యూ రాస్తారు, నేను గుర్రం కొన్నా. రెండేళ్ళయింది. కొన్న కొత్తలోనే రాద్దామనుకున్నా గానీ నాకు నేర్పించే ట్రైనర్ ఆవిడ "ఒక ఎండాకాలం ఒక చలికాలం గడవనివ్వు, అప్పుడు మాట్లాడు" అంది, ఆవిడ అన్నదే కరెక్టు, మొదటి నెల్లో రాసుంటే ఐదు స్టార్లు ఇచ్చేవాణ్ణి, మూడో నెల్లో అయితే రెండు కూడా కష్టమే.

ముందు సరుకు సంగతి. అమెరికన్ క్వార్టర్ హార్స్, గెల్డింగ్ అంటే విత్తులు తీసేసిన మగది, కొన్నప్పుడు వయసు 14, ఎత్తు 14.3 హ్యాండ్స్ (ఒక హ్యాండ్ అంటే 4 అంగుళాలు, ఆ చుక్క తర్వాత 3 దశాంశం కాదు, 3 అంగుళాలు, నేనూ మొదట్లో కాలిక్యులేటర్ తీసి పరువు పోగొట్టుకున్నా), బరువు ఐదొందల కేజీల దగ్గర. రంగు మన మట్టిరోడ్డు మీద లారీ పోయాక లేచే దుమ్ము రంగు, మెడ దగ్గర్నించి తోక దాకా వీపు మీద నల్లటి గీత ఒకటి. పేరు డస్టీ. మా అమ్మ అద్దంకి దగ్గర మా ఊళ్ళో ఉండి ఫోన్లో విని "ఏంటీ, దస్తగిరా?" అంది, ఇక అప్పట్నించీ మా ఇంట్లో వాడు దస్తగిరే. అడిగిన రేటు 12,500 డాలర్లు, నేనిచ్చింది 12,000. మన డబ్బుల్లో పది లక్షలు. మా బాబాయ్ అయితే "పది లక్షలు పెట్టి ముసలి గుర్రాన్ని కొన్నావా, మూడేళ్ళది చవగ్గా దొరకలేదా" అన్నాడు, ఇక్కడే అసలు విషయం ఉంది.

కుర్ర గుర్రం నిజంగానే చవగ్గా దొరుకుతుంది. చూట్టానికి కూడా నిగనిగలాడుతుంది. కానీ దానికేమీ తెలీదు, నాకూ ఏమీ తెలీదు, తెలీనివాళ్ళు ఇద్దరు కలిసి అడివిలోకి పోతే ఒకళ్ళు ఆస్పత్రికి పోవాల్సిందే. రాంచ్ గుర్రం అంటే పశువుల దొడ్లో, వందల ఎకరాల బీడులో ఏళ్ళ తరబడి పని చేసినది. తాళ్ళు కాళ్ళ చుట్టూ పడుంటాయి, దూడలు అరుస్తుంటాయి, గేట్లు ధడేల్మంటాయి, మీద కూర్చున్నోడు ఒంటిచేత్తో తాడు విసురుతుంటాడు, ఇవన్నీ చూసీ చూసీ వాటికి భయం అనేది అరిగిపోయి ఉంటది. ఆ అరుగుదలకే మనం డబ్బులిచ్చేది. కీళ్ళు కూడా అరుగుతాయనుకో, అది తర్వాత చెప్తా.

అసలు ఈ అమ్మకం యాడ్స్ చదవటం ఒక విద్య. మన పెళ్ళిచూపుల బయోడేటాల్లాగే, ప్రతి మాట వెనకా ఇంకో మాట. "ఈజీ కీపర్" అంటే గాలి పీల్చినా లావెక్కిద్ది. "స్పిరిటెడ్" అంటే పడేసిద్ది. "కాన్ఫిడెంట్ రైడర్ కావాలి" అంటే ఇప్పటికే ఎవర్నో పడేసింది. "బాంబ్‌ప్రూఫ్" అంటే దేనికీ బెదరదు అని, పది యాడ్లలో తొమ్మిదిట్లో ఉంటది కాబట్టి దానికి విలువ లేదు. నాకు బాగా నచ్చింది "హస్బెండ్ సేఫ్". ఇక్కడ చాలా ఇళ్ళల్లో గుర్రాల పిచ్చి ఆడవాళ్ళది, ఏమీ రాని మొగుణ్ణి ఎక్కించినా ప్రాణాలతో వెనక్కి తెచ్చి దించుతుందని అర్థం. నేను సరిగ్గా ఆ కేటగిరీ.

డస్టీకి ముందు ఇంకో చోటికెళ్ళా, పేరొద్దు లే. ఫోటోల్లో రాజుగారి గుర్రంలా ఉంది. మేం వెళ్ళేసరికే జీను కట్టేసి రెడీగా పెట్టారు, మనకి మర్యాద చేస్తున్నారేమో అనుకున్నా నేను. మా ట్రైనర్ మెల్లగా వెళ్ళి జీను కింద దుప్పట్లోకి చెయ్యి పోనిచ్చి తీసింది, తడి. తెల్లారకముందే గంటసేపు పరిగెత్తించి దాని సత్తువ తీసేసి అప్పుడు మాకు చూపిస్తున్నారు, చల్లారాక ఆ గుర్రం ఎలా ఉంటదో దేవుడికే తెలియాలి. ఆవిడ నా వైపు తిరిగి "పద, బ్రేక్‌ఫస్ట్ చేద్దాం" అంది అంతే. ఆ ఒక్క చెయ్యి పెట్టి చూడటానికే ఆవిడకిచ్చిన నూటయాభై డాలర్ల ఫీజు గిట్టుబాటైంది నాకు.

డస్టీని అమ్మినాయన దగ్గర అంతా రివర్సు. డెబ్బై దాటిన ముసలాయన, ఓక్లహోమా బోర్డర్ దగ్గర చిన్న రాంచ్, మేం వెళ్ళేసరికి గుర్రం బీట్లో మేస్తానే ఉంది. తాడు నా చేతికిచ్చి నువ్వే పట్టుకురా పో అన్నాడు. వెళ్ళా. తల ఎత్తి చూసింది, మళ్ళీ మేసింది, తాడు వేస్తే మాత్రం బుద్ధిగా తల దించింది. నాలుగు కాళ్ళూ ఎత్తి చూపించాడు, పగ్గం కింద పడేసి వదిలేసి జీను తేవటానికి లోపలికి పోయాడు, అది అలాగే నిలబడింది. నేల మీద పగ్గం పడితే కట్టేసినట్టే దాని లెక్క, దీన్ని గ్రౌండ్ టై అంటారు, నాకైతే మేజిక్ చూసినట్టుంది. తర్వాత ముందు ఆయనే ఎక్కాడు. ఇది గుర్తుపెట్టుకోండి, అమ్మేవాడు ఎక్కని గుర్రం మనం ఎక్కకూడదు.

ఇక్కడో గమ్మత్తు. ముందురోజు రాత్రి అమ్మ ఫోన్ చేసి "సుడి చూడరా, సుడి చూడకుండా కొనొద్దు" అంది. మా తాత ఎడ్లకి సుళ్ళు చూసేవాడు, పళ్ళు చూసేవాడు, సంతలో దళారితో తువ్వాల కింద వేళ్ళు పట్టుకుని బేరమాడేవాడు, అమ్మ అదంతా చూస్తా పెరిగింది. అమెరికాలో ఈ సుళ్ళ గోల ఎవడికి తెలుసులే అనుకున్నా. ఈ ముసలాయన నా ఎదురుగా గుర్రం జూలు పక్కకి జరిపి రెండు కళ్ళ మధ్య వేలు పెట్టి "చూడు, సుడి ఒక్కటే, సరిగ్గా నడిమధ్యన, నెమ్మదైనోడు" అన్నాడు. ఇక్కడ పాత కౌబాయ్‌లకి కూడా ఈ నమ్మకం ఉందంట. నిజమో కాదో నాకనవసరం, ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే అమ్మ ఒక దండం బొమ్మ పెట్టింది, బేరం సగం అక్కడే కుదిరింది.

ఎక్కాక తెలిసింది అసలు తేడా. నేను నేర్చుకునే చోట గుర్రాన్ని తిప్పాలంటే రెండు చేతుల్తో పగ్గాలు లాగాలి. వీడు నెక్ రెయిన్ చేస్తాడు, అంటే పగ్గాలు రెండూ ఎడం చేతిలో పట్టుకుని పగ్గం మెడకి ఎడం పక్క ఊరికే అలా ఆనిస్తే చాలు కుడికి తిరిగేస్తాడు. కుడి చెయ్యి తాడుకి ఖాళీగా ఉండాలి కదా, అందుకని వచ్చిన పద్ధతి. ముసలాయన "ఆ ఆవుల్ని ఈ మూలకి తోలుకురా" అన్నాడు, నాకు రాదన్నా, "నీకు రాకపోయినా పర్లేదు, దానికొచ్చు" అన్నాడు.

ఆ ఆవుల్ని చూసి నాకు నోట మాట రాలేదు. మూపురం, వేలాడే గంగడోలు, అచ్చం మా ఒంగోలు పశువులు! తర్వాత చదివితే తెలిసింది, ఇక్కడి బ్రాహ్మన్ జాతిని తయారు చేసింది మన దేశం నుంచి వచ్చిన గిర్, ఒంగోలు లాంటి జాతుల్ని కలిపేనంట, ఎండకీ పిడుదులకీ తట్టుకుంటాయని. అటు బ్రెజిల్లో అయితే మన ఒంగోలు సంతతినే నెల్లూరు పేరుతో నెలోరే అంటారు. అట్లా మా జిల్లా ఆవు మునిమనవరాలు టెక్సాస్ గట్టు మీద నుంచుని నన్ను ఎగాదిగా చూస్తంటే, దస్తగిరి మాత్రం చెవులు రెండూ దాని మీదే పెట్టి, అది ఎటు జరిగితే అటు అడుగేసి, నేను జీను కొమ్ము పట్టుకుని వేలాడతా ఉంటే, ఆరు ఆవుల్ని మూలకి చేర్చేశాడు. నేను చేసింది పడకుండా కూర్చోవటం ఒక్కటే.

అయినా వెంటనే డబ్బులివ్వలేదు. వేరే వెట్‌ని (పశువుల డాక్టర్ని) పెట్టి ప్రీ పర్చేజ్, అంటే కొనేముందు చేసే పరీక్ష చేయించా, ఎక్స్‌రేలతో కలిపి 750 అయింది. ఈ ఖర్చు దగ్గర కక్కుర్తి పడొద్దు. ఆవిడ ఒక్కో కాలు నిమిషం పైనే మడిచి పట్టుకుని, వదిలిన వెంటనే పరిగెత్తించి కుంటుతుందేమో చూసింది. డెక్కల్ని పట్టకారు లాంటి దాంతో నొక్కి చూసింది, ఈ జాతికి ముందు డెక్కల్లో నొప్పి జబ్బు ఎక్కువ. నొప్పి మందు ఇచ్చి దాచారేమో అని రక్తం కూడా తీసింది. పళ్ళు చూసింది, పై వరుసలో మూల పన్ను మీద ఒక గీత ఉంటదంట, పదేళ్ళప్పుడు చిగురు దగ్గర కనపడి పదిహేనుకి సగం దాకా, ఇరవైకి పూర్తిగా కిందికి దిగుతుందంట, కచ్చితం కాదు గానీ ఒక అంచనా. వీడికి సగానికి కాస్త పైన ఆగింది, కాగితాల్లో ఉన్న 14కి సరిపోయింది. మా తాత బతికుంటే ఆవిడతో గంటసేపు మాట్లాడేవాడు.

దొరికిన లోపం ఒక్కటి, వెనక కాళ్ళల్లో నడిమికుండే కీలు, హాక్ అంటారు, అక్కడ కీళ్ళవాతం మొదలైంది. "పధ్నాలుగేళ్ళ పని గుర్రానికి అది లేకపోతే నేను అనుమానించేదాన్ని" అంది వెట్. ఏడాదికోసారి కీల్లోకి ఇంజెక్షన్, నాకు ఆరొందలు పడుతోంది. దీన్ని చూపించే ఐదొందలు తగ్గించుకున్నా. కాగిన్స్ పరీక్ష కాగితం ముసలాయనే తాజాగా చేయించి ఇచ్చాడు. అది జోరీగల వల్ల అంటుకునే ఒక రక్తం జబ్బుకి చేసే పరీక్ష, దానికి మందు లేదు, ఆ కాగితం లేకపోతే ఇక్కడ స్టేట్ పార్కుల్లోకి గుర్రాన్ని రానివ్వరు. మనోళ్ళు కారుకి పొల్యూషన్ సర్టిఫికెట్ పెట్టుకున్నట్టు నేను ట్రక్కు డాష్‌బోర్డులో పెట్టుకు తిరుగుతుంటా.

ఇక ట్రైల్ సంగతి, అంటే అడివి దారుల్లో స్వారీ, నేను కొన్నదే దానికోసం. మేం ఎక్కువగా పోయేది డికేటర్ దగ్గరున్న ఎల్‌బీజే నేషనల్ గ్రాస్‌ల్యాండ్‌కి, ఇరవై వేల ఎకరాల పైన గడ్డి, ఓక్ చెట్లు, చెరువులు, దారులకి ఒక్కోదానికి ఒక్కో రంగు గుర్తు. ఒకరోజు పొద్దున ఎండిపోయిన వాగు దాటుతున్నాం, నా ముందు ఫ్రెండ్ ఒకతను ఐదేళ్ళ గుర్రం మీద. పొదల్లోంచి అడివిపందులు, తల్లీ పిల్లలూ కలిపి ఎన్నో లెక్కెట్టలేదు, ఒక్కసారిగా మా కాళ్ళకడ్డంగా దూసుకొచ్చాయి. ముందు గుర్రం గిర్రున తిరిగింది, ఫ్రెండు ఇసుకలో కూర్చున్నాడు, గుర్రం కనపడకుండా పోయింది. దస్తగిరి నాలుగు కాళ్ళూ దిగేసినట్టు నిలబడ్డాడు. వాడి గుండె కొట్టుకోవటం నా పిక్కలకి తెలుస్తోంది, అంటే భయం లేక కాదు. చెవులు ముందుకి పెట్టి చివరి పందిపిల్ల పోయేదాకా చూశాడు, ముక్కులోంచి ఒక్కసారి పొడుగ్గా బుస్సుమని వదిలాడు, తల దించి గడ్డి పీకాడు. నా చేతులు మాత్రం పావుగంట వణికాయి. బాబాయ్, నీ ప్రశ్నకి సమాధానం ఇది.

ఇప్పుడు మైనస్‌లు, ఇవి యాడ్లో రాయలేదు.

జీను పట్టీ బిగించేటప్పుడు పొట్ట ఉబ్బిస్తాడు. గాలి నింపుకుని నిలబడతాడు దొంగ, మనం గట్టిగా బిగించాం అనుకుంటాం, కాసేపటికి వదిలేస్తాడు, పట్టీ లూజు. మళ్ళీ ఒకసారి బిగించాలి, నేను మర్చిపోయి ఎక్కబోతే జీనుతో సహా పొట్ట కిందికి జారిపోయా, పన్నెండేళ్ళ ఆడపిల్లలు నలుగురి ముందు. కదలకుండా నిలబడ్డాడు, అందుకు థ్యాంక్స్.

నడకా పరుగూ కాకుండా మధ్యలో ఉండే ట్రాట్ ఉంది చూడండి, గతుకుల రోడ్డు మీద ఖాళీ ట్రాక్టర్ ట్రక్కులో నిలబడ్డట్టే. పావుగంట చేస్తే నడుము గుర్తొస్తుంది. ఇంటి దారి పట్టాడంటే నడక రెండింతలు. ఇంకా, తాళ్ళకీ తుపాకీ శబ్దానికీ పందులకీ బెదరనివాడు పక్క దొడ్లో ఉన్న బుల్లి మినియేచర్ గుర్రాన్ని చూస్తే మాత్రం దెయ్యాన్ని చూసినట్టు పక్కకి గెంతుతాడు, ఎందుకో ఎవరికీ తెలీదు.

ఆ రెండు స్టార్ల నెల సంగతి. మొదటి రెండు నెలలూ వాడు నన్ను చదువుకున్నాడు. చేతులు మెత్తన, కాళ్ళకి బలం లేదు, మాటమీద నిలబడడు అని రిపోర్టు రాసుకున్నట్టున్నాడు, మూడో నెలలో గేటు దగ్గరికి రాగానే ఆగిపోవటం మొదలెట్టాడు. తన్నినా కదలడు, బతిమాలినా కదలడు. మోసపోయానని ముసలాయనకి పెద్ద మెసేజ్ కూడా టైప్ చేశా. ఈలోగా అక్కడుండే ఒక పాప "అంకుల్, నేను ఎక్కనా" అని ఎక్కి, చూపు గేటు అవతలకి పెట్టి, ఒక్కసారి మడమ తాకించింది, బస్సు కదిలినట్టు కదిలాడు. మెసేజ్ డిలీట్ చేశా. ఆరు వారాలు క్లాసులు నాకు, వాడికి కాదు.

అదే నెల్లో ఒక రాత్రి కడుపునొప్పి. మేం నెలకి డబ్బు కట్టి ఉంచే చోట (అప్పటి చోటు, ఇప్పుడు మార్చేశాం) ఎండుగడ్డి లోడు ఒక్కసారిగా వేరే రకానికి మార్చి మాకు మాట కూడా చెప్పలేదు. గుర్రానికి వాంతి చేసుకునే శక్తి ఉండదు, పొట్టలో ఏదైనా అడ్డం పడితే అంతే సంగతులు. రాత్రి పదకొండున్నరకి వెట్ వచ్చి, ముక్కులోంచి ట్యూబు వేసి, ఇంజెక్షన్ ఇచ్చి, పడుకోనివ్వకుండా చూసుకోమంది. తెల్లారేదాకా చెవి పొట్టకి ఆనించి గుడగుడ శబ్దం వస్తుందా అని వింటా కూర్చున్నా. ఐదింటికి పేడ వేశాడు. పేడ చూసి ఫోటో తీసి ఇంటికి పంపించిన మనిషిని నేనొక్కణ్ణేనేమో.

ఖర్చులు అడుగుతారు కాబట్టి. బీట్లో ఉంచటానికి నెలకి 475. ఆరేడు వారాలకోసారి ముందు కాళ్ళకి లాడాలు, వెనక కాళ్ళకి గిట్టలు చెక్కటం 130. టీకాలు, పళ్ళు ఆకురాయితో అరగదీయించటం, కాగిన్స్ కలిపి ఏడాదికి నాలుగైదొందలు. సెకండ్ హ్యాండ్ జీను 1,400, ఇందులో కూడా ఒకసారి తప్పు కొలత కొని వీపు పుండు చేశా, వాడి దగ్గర ఇప్పటికీ ఆ అప్పుంది నాకు. గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదు అన్నారు కదా, ట్రైల్‌కి నెలకి రెండుసార్లే వెళ్ళినా బిల్లు మాత్రం ముప్పై రోజులదీ వచ్చిద్ది. మా ఆవిడ ఈ లెక్కంతా ఎక్సెల్‌లో పెట్టింది, నేను ఆ ఫైలు తెరవను.

స్టార్లంటే నాలుగున్నర. ఆ అర ట్రాట్‌కి కోత.

అమ్మిన కాగితంలో ముసలాయన ఒక లైను రాయించుకున్నాడు, ఎప్పుడన్నా అమ్మాలనుకుంటే ముందు ఆయన్నే అడగాలని. పోయిన అక్టోబర్లో ఇటువైపు ఏదో పనిమీద వచ్చి చూస్తానన్నాడు. నేనూ దస్తగిరీ కంచె దగ్గరున్నాం, వాడి జూలు దువ్వుతున్నా. దూరంగా మట్టిరోడ్డు మలుపులో ఆయన పాత డీజిల్ ట్రక్కు శబ్దం వినపడింది అంతే, వీడు తల పైకెత్తి, ఒళ్ళంతా అదిరేలా సకిలించాడు, ఒకసారి కాదు, ట్రక్కు ఆగేదాకా. రెండేళ్ళనించి వారానికి నాలుగుసార్లు క్యారట్లు పట్టుకుని వెళ్తున్నా, నా కారు శబ్దానికి వాడు ఇంతవరకూ ఒక చెవి కూడా తిప్పలేదు.